ఇసుక నింపిన పెట్టెలు

కోదాడ పెద్ద రోడ్డు మీద బస్సుల రద్దీ మొదలవకముందే పాండురంగం మైకుల కొట్టు తెరిచేవాడు. ఆ రోజూ అలాగే తెరిచి, పాలకీడు పెళ్ళి నుంచి తిరిగొచ్చిన, రేకు గరాటాల్లాంటి మైకు హారన్లను పాతగుడ్డతో తుడుస్తూ గోడకు వరసగా ఆనిస్తున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. రెంటికీ మధ్యనున్న గుమ్మం దగ్గర పీట వేసుకొని కూతురు ప్రేమలత తెగిన మైకు తీగకు టంకం పెడుతోంది. సూర్యాపేటలో పియుసి పాసై ఇంటికొచ్చినప్పటి నుంచి కొట్టులో ఆ పని ఆమెదే. నేర్పింది తండ్రే. తన బిడ్డ పెట్టిన అతుకు పీకినా ఊడదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

పందొమ్మిది వందల డెబ్భై ఒకటి ఎండాకాలం అది. పెళ్ళిళ్ళు ముమ్మరంగా జరుగుతున్నాయి. పాండురంగం హారన్లు చెట్టెక్కితే పాట చిలుకూరు దాకా వినిపిస్తుందని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు.

ఆ పొద్దున మిర్యాలగూడ నుంచి జీపులో కైలాసం వచ్చాడు. ఆయన ప్రేమలతకు మేనమామ, తల్లి భాగ్యవతికి పెద్దన్న. రైసుమిల్లు యజమాని. కొడుకు గోపాలకృష్ణ పెళ్ళి కుదిరిందని శుభలేఖ చేతికిచ్చాడు. మిల్లుల వాళ్ళందరూ కలిసి మిర్యాలగూడలో కట్టించిన కొత్త కల్యాణ మండపంలోనే పెళ్ళి. చెల్లెలు ఇచ్చిన కాఫీ తాగుతూ, పెళ్ళికి వారం ముందే అందరూ రావాలని మరీ మరీ చెప్పాడు. లేచే ముందు మాత్రం కొంచెం తడబడ్డాడు.

"బావా, ఒక్కమాట. మైకు ఈసారి బెజవాడోళ్ళకు చెబుదామనుకుంటున్న. నువ్వు మనసుల పెట్టుకోవద్దు. మండపం తెరిచిన రోజు హారన్లు పెట్టినం గద, ఒక్క మాట సమజ్ కాలె. పైకప్పుకు తగిలి మళ్ళ మన మీదికే వస్తున్నది. నీ హారన్లు బయట బాగుంటయి. లోపల పెడితే చెవులు పోతున్నయి."

పాండురంగం నవ్వాడు. దానికేముంది, నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యమన్నాడు. జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. లోపలికొచ్చి మాత్రం ఉప్మా పళ్ళెం ముట్టలేదు. సొంత అన్న కొడుకు పెళ్ళిలో తన భర్త చేతులు ముడుచుకొని కూర్చోవాలా అని భాగ్యవతి వంటింట్లో కళ్ళొత్తుకుంది.

ప్రేమలత టంకం కర్ర పక్కన పెట్టి అటక మీదికి చూసింది. ఊరి చివర టూరింగ్ టాకీసు మూసేసినప్పుడు దాని యజమాని రెండు స్పీకర్లు తెచ్చిచ్చాడు. నల్లటి కాగితపు గిన్నెలతో, ఒక్కొక్కటి అన్నం తినే పళ్ళెమంత ఉంటాయి. వాటి పెట్టెలను ఎప్పుడో చెదలు తినేశాయి. స్పీకర్లు మాత్రం అటక మీద మూటలో ఉండిపోయాయి. టాకీసులో వాటి గొంతు ఎలా ఉండేదో ఆమెకు గుర్తుంది. మనిషి పక్కన కూర్చొని మాట్లాడినట్టు ఉండేది.

వాటికి కొత్త చెక్క పెట్టెలు కట్టి మండపంలో పెడదామని తండ్రితో అంది. చెక్క పెట్టెలోంచి వచ్చే చప్పుడు వీధి కూడా దాటదు, దాన్ని నమ్ముకుంటే కొట్టు మూసుకోవాల్సిందేనని కొట్టిపారేశాడు పాండురంగం. అయితే వద్దని మాత్రం అనలేదు. కొట్టులో పని లేనప్పుడు ఏమన్నా చేసుకోమన్నాడు.

ఆమె మనసులో మండపం ఒక్కటే లేదు. దాని వెనక నానమ్మ దుర్గమ్మ ఉంది.

దుర్గమ్మ పాట తెలియని పెళ్ళిల్లు ఆ చుట్టుపక్కల ఉండేది కాదు. నలుగు దగ్గర నుంచి అప్పగింతల దాకా ఆమె గొంతు ఉండాల్సిందే. ఒకసారి చిలుకూరులో బంధువుల పెళ్ళికి పాండురంగం తన తల్లి చేతికి ఎంతో మురిపెంగా మైకు ఇచ్చాడు. వేపచెట్టు మీది హారన్లోంచి వచ్చిన గొంతు దుర్గమ్మది కాదు. రేకు మీద మేకుతో గీకినట్టు వచ్చింది. ఆడపిల్లలు చెవులు మూసుకొని నవ్వారు. దుర్గమ్మ తలెత్తి ఒకసారి చెట్టు వైపు చూసింది. పాట మధ్యలో ఆపకుండా పూర్తి చేసి మైకు తిరిగిచ్చేసింది. ఆ రోజు పక్కనే నిల్చున్న ప్రేమలతకు ఆ చూపు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. తర్వాత ఎవరు అడిగినా, గొంతు పోయిందమ్మా అనేది దుర్గమ్మ. పాండురంగం కూడా వయసు మీద పడిందనుకున్నాడు. పెరట్లో ఒంటరిగా బియ్యం ఏరేటప్పుడు ఆమె కూనిరాగం తీయడం, అడుగుల చప్పుడు వినగానే ఆపేయడం ప్రేమలత ఒక్కతే గమనించింది.

పెట్టె పని మొదలైంది. టీపొడి దుకాణం ఫకీరా దగ్గర ఖాళీ పెట్టెలు ఉంటాయి. పల్చటి ప్లైవుడ్ రేకులతో చేసినవి. అవి తెచ్చి, వడ్రంగి అచ్చయ్యతో మొదటి పెట్టె కట్టించింది. స్పీకరు బిగించి రేడియో వార్తలు పెడితే పెట్టె నాలుగు గోడలూ గడగడలాడాయి. చదివే ఆయన కడవలో తలపెట్టి చదివినట్టుంది. చెక్క మరీ పల్చన, దళసరిగా ఉండాలన్నాడు అచ్చయ్య. చిలుకూరు నుంచి మామిడి పలకలు తెప్పించారు. ఈసారి గొంతు కాస్త తేటపడింది. అమ్మయ్య అనుకుంటూండగానే ఎండకు పచ్చి పలకలు వంకర తిరిగి, అతుకులు విచ్చుకొని, సందుల్లోంచి గాలి ఈల వేయడం మొదలుపెట్టింది. గట్టి అట్ట కూడా తెచ్చి చూసింది. దాని మీద వేలితో కొడితే డప్పే.

ఇక మిగిలింది టేకు. అచ్చయ్యకు మొదటి నుంచీ అదే మాట. టేకు వంగదు, పగలదు, చెద పట్టదు. ఇంట్లో టేకు ఉండనే ఉంది. సూర్యాపేటలో ఒక పాత ఇల్లు విప్పుతుంటే పాండురంగం ఏరి తెచ్చిన పలకలవి. కొట్టుకు కొత్త తలుపులు చేయించాలని గోడవారగా దాచుకున్నాడు. వచ్చిన ప్రతి వాడికీ వాటి మీద నీళ్ళు చల్లి మరీ నిగ్గు చూపించేవాడు. ప్రేమలత రెండు రోజులు వాటి చుట్టూ తిరిగింది. అడిగితే ఇవ్వడని తెలుసు. పెట్టె పలికిన తర్వాత చెబితే కోపమే రాదని తనకు తాను చెప్పుకుంది. తండ్రి హుజూర్‌నగర్‌లో పెళ్ళి మైకుకు వెళ్ళిన రోజు అచ్చయ్య చేత రంపం పట్టించింది.

పెట్టె చూడ్డానికి దేవుడి మందసంలా వచ్చింది. వార్తలు బాగానే చెప్పింది. పాట పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది. పాట ఒక స్వరం దగ్గరకు రాగానే పెట్టె తానూ గొంతు కలిపి మోగేది. ఆ స్వరం ఒక్కటే ఉబ్బి మిగతా వాటిని మింగేసేది. లోపల గుడ్డలు కుక్కినా, మూలలకు దిమ్మెలు కొట్టినా తగ్గలేదు. ప్రేమలత ఆ పెట్టె ముందు చతికిలపడి ఉండగానే పాండురంగం ఇంటికొచ్చాడు.

గోడవార ఖాళీగా ఉంది. నేల మీద టేకు పొట్టు ఉంది. మొదట ఆయన గొంతు పెంచలేదు.

"ఎవర్నడిగి కోసినవ్?"

తప్పయిందని, పెట్టె పలికితే చెబుదామనుకున్నానని ప్రేమలత అంది. పలికిందా అని అడిగాడు. లేదంది. అప్పుడు వచ్చింది ఆయనకు కోపం. సూర్యాపేట నుంచి పలక పలకా ఏరి ఎలా తెచ్చుకున్నాడో చెప్పాడు. పియుసి చదివించినందుకు, చేతికి టంకం కర్ర ఇచ్చినందుకు తనకు బాగా బుద్ధి చెప్పిందన్నాడు. బావమరిది ఒక దెబ్బ కొట్టాడు, కన్నబిడ్డ ఇంకోటి కొట్టిందన్నాడు. రేపటి నుంచి కొట్టు గుమ్మం తొక్కవద్దన్నాడు. భాగ్యవతి మధ్యలోకి రాబోతే చేత్తో ఆపాడు.

"నా హారన్లకు ఏం తక్కువైందని ఈ పెట్టెల పిచ్చి? అన్నం పెడుతున్నయి గద అవి. నీకు గూడ చెవులు పోతున్నయా?"

ప్రేమలత ఊరుకుందామనుకుంది. తప్పు తనదే. కానీ ఆ చివరి మాటకు, ఇన్నాళ్ళు లోపల దాచుకున్నది బయటికి వచ్చేసింది.

"నానమ్మకు గొంతు పోలేదు నాయినా. చిలుకూరు పెండ్లిల నీ హారన్లకెళ్ళి వచ్చిన గొంతు విని, నలుగురు నవ్వుతుంటె విని, ఆ రోజుతోని పాట బంద్ చేసింది. నీకు బాధ అయితదని చెప్పలె. నువ్వు లేనప్పుడు పెరట్ల ఇప్పటికీ పాడుతది. మామయ్య ఇంట్ల పెండ్లి కోసం గాదు, ఆమె గొంతు ఆమెకు మళ్ళ ఇద్దామని చేస్తున్న నేను."

గుమ్మంలో చేటతో నిలబడ్డ దుర్గమ్మ కొడుకు మొహం వైపు చూసింది. పాండురంగం తల్లి వైపు తిరిగాడు.

"నిజమేనా అమ్మా?"

అబద్ధమని చెబుతుందని అందరూ అనుకున్నారు. దుర్గమ్మ చేట కింద పెట్టింది. "నువ్వు ఎంత మురిసిపోయి ఇచ్చినవో ఆ మైకు. నీతోని ఎట్ల చెప్పుదును కొడుకా," అంది.

పాండురంగం భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. తల్లి పాడిన ఆ రోజును ఆయన తన బతుకులోనే పెద్ద రోజుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఇంటికి తిరిగొచ్చాక టేకు సంగతి ఎత్తలేదు. కొట్టులో కూర్చుని ఒక హారన్ను ఒళ్ళో పెట్టుకొని దాని అంచును వేలితో తట్టి తట్టి విన్నాడు. తండ్రిని అన్న మాటలకు ప్రేమలత కుమిలిపోయింది. ఆమెను చూస్తే ఆయనా తల తిప్పుకునేవాడు.

ఇంతలో పెళ్ళి పనులకు రమ్మని కైలాసం కబురు పెట్టాడు. భాగ్యవతి కూతుర్ని వెంటపెట్టుకొని మిర్యాలగూడ వెళ్ళింది. పసుపు దంచే ఆడవాళ్ళ మధ్య కూర్చోలేక ప్రేమలత ఒక మధ్యాహ్నం మిల్లులోకి నడిచింది. అక్కడ వడ్లు పోసే పెద్ద చెక్క తొట్టి ఉంది, మనిషికి రెండింతల ఎత్తు. ఈమధ్య చెక్క కనబడితే వేలితో కొట్టి చూడ్డం ఆమెకు అలవాటైపోయింది. నిచ్చెన ఎక్కి పైన కొట్టింది. ఖంగుమంది. ఒక్కో మెట్టూ దిగుతూ కొట్టింది. ఖంగు, ఖంగు. సగానికి వచ్చేసరికి చప్పుడు చచ్చిపోయింది. అదే చెక్క, అదే పలక. మళ్ళీ పైకెక్కి లోపలికి తొంగి చూసింది. చప్పుడు ఆగిన చోటి వరకే వడ్లు ఉన్నాయి.

ప్రేమలత నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఏ చెక్క మంచిదా అని వెతికింది. మోగని చెక్క అంటూ లేదు. మోగకుండా దానికి అడ్డం పెట్టాలి. గోడ ఒకటి కాదు, రెండు కట్టాలి. రెంటి మధ్య బరువైనది ఏదన్నా నింపాలి. వడ్లు పోస్తే పురుగు పడుతుంది. ఇసుకకు ఆ బాధ లేదు. మిల్లు ఆవరణలో కొత్త షెడ్డు కోసం వాడపల్లి నుంచి తెచ్చిన ఇసుక గుట్టగా పోసి ఉంది.

రెండు గోనెల నిండా ఇసుక బస్సు మీద వేసుకొని తల్లీకూతుళ్ళు కోదాడలో దిగారు. ప్రేమలత తండ్రి ముందుకెళ్ళి నిలబడింది. కొట్టులోకి రానని, పెరట్లో ఒక్కసారి చేసి చూస్తానని, ఈసారి కొత్త చెక్క ఏదీ ముట్టనని అంది. పాండురంగం ఊఁ అన్నాడు.

తడి ఇసుక పోస్తే ప్లైవుడ్ బూజు పడుతుంది. అందుకని భాగ్యవతి పెరట్లో పెద్ద పొయ్యి వెలిగించి, అరిసెల పాకం పట్టే మూకుడులో ఇసుక వేయించడం మొదలుపెట్టింది. గోడ మీంచి చూసిన పక్కింటి సుగుణ, ఏం వంట వదినా అని అడిగింది. పెళ్ళికి పిండివంట అంది భాగ్యవతి. చాన్నాళ్ళకు ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

ఫకీరా దగ్గరి టీ పెట్టెల రేకులే మళ్ళీ వచ్చాయి. ఒక రేకు, మధ్యలో వేలెడు మందం చెక్క రీపులు, ఆపైన ఇంకో రేకు. గూళ్ళు గూళ్ళుగా ఉన్న ఆ సందులో వేయించిన ఇసుక పోసి, గోడను తట్టి తట్టి కుదించి, మూత బిగించారు. నాలుగు గోడలూ లేచాక అచ్చయ్య వేలి కణుపుతో కొట్టి చూసి బిత్తరపోయాడు. రాతిగోడను కొట్టినట్టుంది.

పాండురంగం కొట్టులో ఉండే ఇదంతా వింటున్నాడు. సుత్తి చప్పుళ్ళు ఆగాక మెల్లగా పెరట్లోకి వచ్చాడు. పెట్టె మీద కొట్టాడు. వంగి చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు. మొహంలో ఏదో కదిలింది. ఎన్నో ఏళ్ళుగా చప్పుడుతోనే బతికిన మనిషి ఆయన.

"ముందు పలక సంగతేంది?" అన్నాడు. "స్పీకరు బిగించేది దానికే గద. ఇంత పల్చటి రేకుకు బోల్టులు నిలువవు."

అది తనకు తోచలేదని ప్రేమలత ఒప్పుకుంది. ఆయన కాసేపు ఆలోచించాడు. లోపలికెళ్ళి టేకు పెట్టెను తెచ్చి, తన చేత్తోనే మేకులు పీకి, అన్నిటికన్నా దళసరి పలకలు రెండు తీసిచ్చాడు. రెంటినీ జోడించి మధ్యలో గుండ్రంగా కోస్తే, మిగిలిన అంచు బిగువుగా ఉండి మోగదన్నాడు. మిగతా పలకల మాట ఏమిటని ప్రేమలత భయంగా అడిగింది. "రెండో పెట్టెకు వద్దా బిడ్డా," అన్నాడు పాండురంగం. ప్రేమలత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టు చిత్రిక అందుకున్నాడు.

అప్పటి నుంచి తండ్రీకూతుళ్ళు కలిసి పనిచేశారు. రెండు పెట్టెలూ అయ్యాక ఒక్కొక్కటి ఎత్తడానికి నలుగురు కావాల్సి వచ్చింది. రేడియో పెడితే వార్తలాయన నట్టింట్లో కుర్చీ వేసుక్కూర్చున్నట్టే ఉంది. దుర్గమ్మను పిలిచారు. ఆమె విన్నది, తలూపింది. మైకు చూపించేసరికి మాత్రం పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళి ఇంకా కొద్దిరోజులుందనగా పాండురంగం పెట్టెలను లారీలో వేసుకొని మిర్యాలగూడ మండపానికి తీసుకెళ్ళాడు. ముందు చూడు, నచ్చకపోతే బెజవాడకే చెప్పుకో అన్నాడు కైలాసంతో. మొహమాటంగానే కైలాసం వెళ్ళి, మండపం చివర వంటశాల తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రేమలత వేదిక మీద కూర్చొని, గొంతు పెంచకుండా, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"మామయ్యా, భోజనం చేసినవా?"

"ఇంకా లేదమ్మా," అన్నాడు కైలాసం అప్రయత్నంగా. తర్వాత తనే ఉలిక్కిపడి, అంత దూరంలో ఉన్న మేనకోడలి వైపు, పైకప్పు వైపు మార్చి మార్చి చూశాడు. గబగబా నడిచొచ్చి పాండురంగం రెండు చేతులూ పట్టుకున్నాడు. బెజవాడోళ్ళకు వద్దని అప్పుడే కబురు పెట్టించాడు.

పెళ్ళినాడు పురోహితుడి మంత్రం ప్రతి అక్షరం మండపం చివరి వరసకు అందింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. వచ్చిన మిల్లుల వాళ్ళు ఈ మైకు ఎక్కడిదని అడిగితే, మా ప్రేమలత చేసిందని పాండురంగం చెప్పాడు. మీరు కదా అని ఎవరన్నా అంటే, "నేను బోల్టులు బిగించిన, అంతే," అని సరిదిద్దాడు. సూర్యాపేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తమ హాలుకూ ఇలాంటివి చేసిపెడతావా అమ్మా అని నేరుగా ప్రేమలతనే అడిగాడు.

అప్పగింతల వేళయింది. దుర్గమ్మ పాడితే బాగుండునని ముసలివాళ్ళెవరో అన్నారు. గొంతు పోయిందమ్మా అని ఆమె మామూలుగానే అనబోయింది. అప్పటికే పాండురంగం ఎదురుగా వచ్చి మైకుతో కింద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క మాట మాట్లాడి చూడు. నీ గొంతు నీకు నచ్చకపోతే నేనే ఆపేస్త."

దుర్గమ్మ కొడుకును, దూరంగా ఆంప్లిఫయరు మీటల ముందున్న మనవరాలిని చూసింది. మైకు దగ్గరకు వంగి, "ఏం పాడాలె?" అంది. ఆ మాట మండపమంతా మెత్తగా పరుచుకుంది. ఆమె చటుక్కున తలెత్తింది. అది తన గొంతే. పెరట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తనకు వినిపించే గొంతే, కొంచెం బొంగురుతో, కొంచెం వణుకుతో. ఆమె ముడతల మొహం నిండా నవ్వు వచ్చింది.

పాట ఎత్తుకుంది. మొదటి చరణానికి మండపంలో కబుర్లు ఆగిపోయాయి. రెండో చరణానికి గరిటెలు పట్టుకునే వంటవాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. పెళ్ళికూతురు తల్లి ఏడ్చింది, ఆ పైన పెళ్ళికూతురు, చివరికి ఏం తెలియనట్టు నిల్చున్న గోపాలకృష్ణ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. పాండురంగం కిందనే కూర్చుండిపోయాడు. తల్లి మోకాలి మీద చెయ్యి వేసి, దాచుకోకుండా ఏడ్చాడు. మీటల దగ్గర ప్రేమలతకు చేయాల్సిన పనేమీ లేకపోయింది.

పాట అయ్యింది. దుర్గమ్మ ఊపిరి తీసుకొని ఇంకోటి ఎత్తుకుంది. తర్వాత హారతి పాట. తర్వాత వియ్యపురాళ్ళను వేళాకోళం చేసే పాట. అప్పటిదాకా ఏడ్చిన వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. బయట బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళే మంచి ఘడియ దాటిపోతోందని కైలాసం పరుగున వచ్చి పాండురంగం చెవిలో చెప్పాడు. మైకు ఆమె చేతిలో ఉంది, నువ్వే అడుక్కో అన్నాడు పాండురంగం కళ్ళు తుడుచుకొని నవ్వుతూ.

కైలాసం చేతులు జోడించి ముందుకు వెళ్ళాడు. దుర్గమ్మ మైకును ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. ఆమె చెప్పిన మాట మండపంలో ఉన్న ప్రతి ఒక్కరికీ స్పష్టంగా వినబడింది.

"జర ఆగు నాయినా. ఇంకొక్కటున్నది."